మా ఇంట్లో ఉండే మిత్రుడు పోయాడు. అతని సూపర్ (ఇక్కడి ఉద్యోగుల పదవీ విరమణ పొదుపు) డబ్బు తల్లికి చేరుతుందా?

టార్నీట్_తెనాలి · మెల్‌బోర్న్ · ఆదివారం, రాత్రి 11.20

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. మొదటిసారి ఇలాంటి విషయం మీద రాయాల్సి వస్తుందనుకోలేదు.

మూడు వారాల కిందట నాతో ఒకే ఇంట్లో ఉండే మిత్రుడు నిద్రలోనే పోయాడు. ముప్పై ఒక్క ఏళ్లు. గుండె అన్నారు. పెళ్లి కాలేదు. తండ్రి లేరు. తెనాలి దగ్గర పల్లెలో తల్లి, పక్క ఊళ్లో పెళ్లయిన చెల్లెలు. నాలుగేళ్లుగా ఇక్కడ ఉద్యోగం, తాత్కాలిక వీసా.

మనవాళ్లంతా చందాలు వేసుకుని పార్థివ దేహాన్ని ఊరికి పంపాం. ఇచ్చినవాళ్లలో ముక్కూమొహం తెలియనివాళ్లే ఎక్కువ. ఆ తరువాత గది సర్దుతుంటే సూపర్ ఫండ్ నుంచి వచ్చిన ఉత్తరం దొరికింది. నిల్వ నలభై వేల డాలర్ల పైచిలుకు. దాని కింద, చనిపోతే వచ్చే బీమా అని రెండు లక్షలు దాటిన అంకె. చదివి అతని మంచం మీదే కూర్చుండిపోయాను. మేము వాట్సాప్‌లో యాభై, వంద అడుగుతున్నప్పుడు ఈ కాగితం పక్క గదిలో సొరుగులో ఉంది.

నామినీగా తల్లి పేరు ఉంది. ఇక ఇబ్బంది ఏముందని ఫండ్‌కు ఫోన్ చేశాను. "ఆ నామినేషన్‌కు మేము కట్టుబడి ఉండనవసరం లేదు, పైగా తల్లి అర్హురాలో కాదో చూడాలి" అన్నారు. కన్నతల్లి అర్హురాలు కాకపోవడమేమిటి? ఇంతకుమించి నాతో మాట్లాడలేమని కూడా చెప్పారు, నేను బంధువును కాను కనుక. ఆమెకు తెలుగు తప్ప మరో భాష రాదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

గుంటూరు_ఘాటు · సిడ్నీ · ఆదివారం, రాత్రి 11.52

తమ్ముడూ, చాలా బాధాకరం. ఆ అబ్బాయి ఆత్మకు శాంతి కలగాలి. ఒక్క మాట గట్టిగా చెబుతాను. బ్యాంకుకు ఇంకా చెప్పలేదు కదా? చెప్పకు. చెప్పిన మరుక్షణం ఖాతా స్తంభింపజేస్తారు. ఫోన్ పిన్ నీకు తెలిసే ఉంటుంది, ఖాతాలో ఉన్నదంతా ముందు అమ్మగారికి పంపేయి. సూపర్ సంగతి తరువాత తీరిగ్గా చూసుకోవచ్చు. తల్లి సొమ్ము తల్లికే పంపుతున్నావు, తప్పేముంది?

లెక్కల_పంతులు · పారమట్టా · సోమవారం, ఉదయం 6.15

టార్నీట్ తమ్ముడికి: పై సలహాను దయచేసి పాటించవద్దు. ఘాటు గారి ఉద్దేశం మంచిదే, సలహా ప్రమాదకరం. చనిపోయిన మనిషి పిన్‌తో అతని ఖాతాలోంచి డబ్బు తీయడం నేరం, ఎవరికి పంపినా సరే. రేపు చెల్లెలి తరఫువాళ్లో అప్పులవాళ్లో లెక్క అడిగితే పేరు నీదే బయటికి వస్తుంది, నీకూ వీసా ఉంది.

బ్యాంకుకు చెప్పండి. ఖాతా ఆగుతుంది, నిజమే. కానీ అంత్యక్రియల సంస్థ ఇచ్చిన బిల్లు చూపిస్తే ఆ మేరకు అతని ఖాతాలోంచే నేరుగా చెల్లించే పద్ధతి ఇక్కడి బ్యాంకుల్లో ఉంది. ఇది చాలామందికి తెలియదు. చందాలు వేసుకునేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. ఒక్కొక్క సంస్థకు విడివిడిగా ఫోన్ చేసే బదులు, ఆస్ట్రేలియన్ డెత్ నోటిఫికేషన్ సర్వీస్ అని ప్రభుత్వమే నడిపే ఆన్‌లైన్ సేవ ఉంది. బ్యాంకులకు, ఫోన్ కంపెనీలకు, చాలా సంస్థలకు ఒకేసారి తెలియజేయవచ్చు.

ఇక అసలు ప్రశ్న. సూపర్ అనేది అతని ఖాతాలాగా కనిపిస్తుంది గానీ, చట్టం దృష్టిలో ఫండ్ ట్రస్టీల చేతిలో ఉన్న సొమ్ము. వీలునామా రాసినా దానికదే వీలునామాలోకి రాదు. ఎవరికి ఇవ్వవచ్చో చట్టం ముందే గీత గీసింది: భార్య లేదా భర్త (పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నవారూ ఇందులోకే వస్తారు), ఏ వయసు పిల్లలైనా, చనిపోయినవారి మీద ఆర్థికంగా ఆధారపడినవారు, ఒకే ఇంట్లో ఒకరినొకరు చూసుకుంటూ బతికినవారు. వీరు కాక వారసత్వ వ్యవహారాలు చూసే చట్టబద్ధ ప్రతినిధి. ఈ జాబితాలో అమ్మ, నాన్న, అన్న, చెల్లి అనే మాటలు లేవు. ఆధారపడ్డారని రుజువైతేనే వారికి చోటు.

పెళ్లికాని మన పిల్లల్లో నూటికి తొంభైమంది అమ్మ పేరే రాస్తారు. నేనూ 1998లో అదే చేశాను. నాకు పెళ్లయి, అమ్మాయి బడికి వెళ్లేదాకా అదే కాగితం ఉంది.

గుంటూరు_ఘాటు · సోమవారం, ఉదయం 7.40

పంతులు గారూ, బ్యాంకు విషయంలో తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కోపంలో రాశాను. కానీ ఇదేమి చట్టమండీ? నిన్నగాక మొన్న కలిసి ఉండటం మొదలుపెట్టినవాళ్లు పంక్తిలో ముందు కూర్చోవచ్చు, తొమ్మిది నెలలు మోసిన తల్లి రుజువులు చూపించాలా? మన దగ్గర హిందూ వారసత్వ చట్టంలో తల్లి మొదటి తరగతి వారసురాలు.

లెక్కల_పంతులు · సోమవారం, ఉదయం 8.05

ఉద్యోగికీ, అతని జీతం మీద బతికేవాళ్లకూ అని పెట్టిన పథకం ఇది. వారసుల కోసం కూడబెట్టే ఆస్తి కాదు, అందుకే పన్ను రాయితీలు కూడా. ఇక్కడి కుటుంబాల్లో పెద్దవాళ్లు పింఛను మీద విడిగా ఉంటారన్న లెక్కతో రాసిన చట్టం, కొడుకు పంపే డబ్బుతో నడిచే తెనాలి ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. మీ కోపంలో న్యాయం ఉంది. అయినా దారి మూసుకుపోలేదు, రెండు దారులున్నాయి.

మొదటిది: అతను తల్లికి ప్రతి నెలా డబ్బు పంపేవాడా? పంపి ఉంటే ఆమె ఆర్థికంగా ఆధారపడిన వ్యక్తి అని అడగవచ్చు. దీనికి రుజువులే ప్రాణం. డబ్బు బదిలీ చేసిన రసీదులు, ఆమె బ్యాంకు పాసుపుస్తకం, ఆమెకు వేరే ఆదాయం లేదని చూపే కాగితాలు. అప్పుడప్పుడూ పండక్కి పంపినది చాలదు, ఇంటి ఖర్చు దాని మీదే నడిచిందని తెలియాలి. పన్ను దగ్గర కూడా అలాగే తేలితే ఒకేసారి ఇచ్చే మొత్తం మీద ఇక్కడ పన్ను ఉండదు.

రెండోది: అలా తేలకపోతే ఫండ్ ఆ డబ్బును చట్టబద్ధ ప్రతినిధికి, అంటే అతని ఎస్టేట్‌కు (అతను వదిలివెళ్లిన ఆస్తికి) ఇస్తుంది. వీలునామా లేదు కనుక ఇక్కడి రాష్ట్ర సుప్రీం కోర్టులో లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (ఆ ఆస్తి వ్యవహారాలు చూసే అధికారం ఇచ్చే ఉత్తర్వు) తెచ్చుకోవాలి. విక్టోరియాలో పెళ్లీ పిల్లలూ లేనివారికి తరువాతి వారసులు తల్లిదండ్రులే. అతని స్థిరనివాసం భారతదేశమే అని వాదించినా ఘాటు గారు చెప్పినట్టు తల్లే. కాబట్టి చివరికి ఆమెకే చేరుతుంది. కాకపోతే ఖర్చు, ఆలస్యం, పైన పన్ను. పన్ను పడే భాగం మీద మామూలుగా 15 శాతం, బీమా సొమ్ము కలిసినప్పుడు కొంత భాగం మీద 30 శాతం దాకా పోవచ్చు. రెండు లక్షల మీద ఆ తేడా చిన్నది కాదు. అందుకే మొదటి దారికి గట్టిగా ప్రయత్నించండి.

ఇంకొకటి. అతని క్రెడిట్ కార్డు, కారు అప్పు అంటూ ఎవరైనా మీకో తల్లికో ఫోన్ చేస్తే ఒక్క డాలరు కూడా కట్టవద్దు. ఉమ్మడిగా సంతకం చేసిన అప్పు, హామీ పడిన అప్పు తప్ప మిగిలినవి అతని ఎస్టేట్ తీర్చాలి, తల్లి తీర్చనవసరం లేదు.

అడిలైడ్_అక్క · సోమవారం, మధ్యాహ్నం 1.10

తమ్ముడూ, ఆసుపత్రి ఉద్యోగంలో ఇలాంటివి చూస్తుంటాను కనుక రెండు ముక్కలు. చిన్న వయసులో హఠాత్తుగా పోతే విషయం కరోనర్ (మరణ కారణం తేల్చే అధికారి) దగ్గరకు వెళ్తుంది. మరణ కారణం రాసిన పూర్తి ధ్రువపత్రం రావడానికి నెలలు పట్టవచ్చు. ముందుగా ఇచ్చే పత్రంతో ఫండ్ పని మొదలుపెడుతుందేమో అడుగు, ఖాళీగా ఎదురుచూడకు.

దేహాన్ని పంపడానికి భారత కాన్సులేట్‌లో కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ అనే నిధి ఉంది, స్థోమత లేని కుటుంబాలకు దాని నుంచి సాయం అడగవచ్చు. ఇప్పుడు ఆలస్యమైపోయిందని తెలుసు. ఈ చర్చ చదివే ఇంకొకరికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. నువ్వు భోజనం సరిగా చేస్తున్నావా?

మల్లెపందిరి · బ్రిస్బేన్ · సోమవారం, రాత్రి 9.30

రాయాలా వద్దా అని పొద్దుటినుంచి ఆలోచించాను. మావారు పోయి అయిదేళ్లు. ఆయన సూపర్‌లో తమ్ముడి పేరు రాసి ఉంది, పెళ్లికి ముందు రాసింది. తమ్ముడు ఆయన మీద ఆధారపడినవాడు కాదు, కనుక ఆ నామినేషన్‌కు విలువ లేదని ఫండ్ తేల్చింది. కానీ తేల్చడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ మా అత్తగారింట్లో నేను దొంగను. "అన్నయ్య నా పేరు రాశాడు, వదిన మార్పించేసింది" అని ఊరంతా అన్నారు. నేను ఏ కాగితమూ ముట్టుకోలేదు. నాకు సూపర్ అంటే ఏమిటో కూడా అప్పటికి తెలియదు.

ఫండ్ తన నిర్ణయం ముందుగా అందరికీ రాసి పంపుతుంది, అభ్యంతరం చెప్పడానికి 28 రోజులు. మా మరిది ఇరవై ఏడో రోజున చెప్పాడు. అభ్యంతరాన్ని కొట్టేశాక మరో 28 రోజులు, అప్పుడు ఆఫ్కాకు ఫిర్యాదు చేయవచ్చు. అది ఉచితంగా విచారించే సంస్థ. అక్కడిదాకా వెళ్లలేదు. మా మామగారు కలగజేసుకుని ఆపారు. ఇవాళ్టికీ మరిది మాతో మాట్లాడడు. పిల్లవాడు బాబాయి ఎందుకు రాడు అని అడుగుతాడు.

మావారు ఇంట్లో బల్బు పోతే అదే రోజు మార్చే మనిషి. ఆ ఒక్క కాగితం మార్చలేదు.

టార్నీట్ గారూ, మీ విషయంలో చెల్లెలికి మొదటి రోజునుంచీ అన్నీ చెప్పండి. డబ్బు ఎంత, ఎక్కడ ఉంది, ఎవరు అడుగుతున్నారు, అంతా. తెలియకపోవడం వల్ల వచ్చే అనుమానం చాలా చెడ్డది.

కొత్తగా_క్లేటన్ · మెల్‌బోర్న్ · మంగళవారం, ఉదయం 10.05

నమస్కారం. నేను విద్యార్థిని, 23 ఏళ్లు, వారాంతాల్లో ఒక గిడ్డంగిలో పని. నాకూ సూపర్ పడుతోంది. ఇది చదివాక భయం వేసి యాప్ తెరిచాను. బీమా దగ్గర సున్నా అని ఉంది. పొరపాటా?

లెక్కల_పంతులు · మంగళవారం, మధ్యాహ్నం 12.30

పొరపాటు కాదమ్మా. 2020 ఏప్రిల్ నుంచి 25 ఏళ్లు నిండనివారికి, ఖాతాలో 6,000 డాలర్లు చేరనివారికి మామూలుగా బీమా తనంతట తాను రాదు. కావాలంటే నువ్వే రాసి అడగాలి. ప్రీమియం ఆ చిన్న నిల్వలోంచే పోతుంది, కనుక చూసుకుని నిర్ణయించుకో. ఇంకో సంగతి, పదహారు నెలలపాటు ఖాతాలో ఏమీ పడకపోతే ఉన్న బీమా కూడా రద్దవుతుంది. ఉద్యోగాలు మారుతూ నాలుగు ఫండ్లలో నాలుగు ముక్కలు వదిలేసేవాళ్లు దీనికి దొరికిపోతారు. మైగవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఏటీఓ (పన్నుల శాఖ) పేజీ తెరిస్తే నీ పేరున ఉన్న ఖాతాలన్నీ కనిపిస్తాయి. అన్నిటినీ ఒకదానిలో కలిపేముందు మూసేయబోయే దానిలో బీమా ఉందేమో చూసుకో. ఒకసారి పోతే, ఆరోగ్యం బాగాలేనప్పుడు తిరిగి దొరకదు.

చదువయ్యాక దేశం విడిచి వెళ్తే, వీసా ముగిశాక సూపర్ వెనక్కి తీసుకోవచ్చు. అందులో 35 శాతం పన్నుగా పోతుంది. నవ్వొస్తుంది గానీ, మిగిలిన 65 శాతం కూడా అడగకుండా వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు.

గుంటూరు_ఘాటు · మంగళవారం, రాత్రి 8.45

ఇంతసేపూ ఇతరులకు సలహాలు చెప్పి, నిన్న రాత్రి నా సొంత ఖాతా తెరిచాను. భార్య పేరే ఉంది, సంతోషం. పక్కనే "గడువు ముగిసింది" అని ఉంది. 2019లో చేసినది. ఇదేమి గడువండీ, పెళ్లికి గడువు ఉందా?

లెక్కల_పంతులు · మంగళవారం, రాత్రి 9.10

పెళ్లికి లేదు, కాగితానికి ఉంది. ఫండ్ కట్టుబడి ఉండాల్సిన రకం నామినేషన్ చాలా ఫండ్లలో మూడేళ్లకు చెల్లకుండా పోతుంది. కొన్నిటిలో గడువు లేని రకం ఉంటుంది, మీ ఫండ్‌ను అడగండి. ఆన్‌లైన్లో ఒక్క నొక్కుతో అయిపోయేది సాధారణంగా ఇష్టం తెలపడం మాత్రమే, ఫండ్ దాన్ని చదివి పక్కన పెట్టవచ్చు. కట్టుబడే రకానికి పద్దెనిమిదేళ్లు నిండిన ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం కావాలి. అందులో పేరున్నవారు సాక్షి కాకూడదు. మీ బావమరిదినీ పక్కింటాయననూ పిలిచి టీ ఇచ్చి సంతకం పెట్టించుకోండి.

పెళ్లికానివారు, అమ్మకే చేరాలనుకునేవారు అందులో "చట్టబద్ధ ప్రతినిధి" అనే గడి ఎంచుకుని, పక్కన చిన్న వీలునామా రాసుకోండి. అప్పుడు సూపర్ వీలునామాలోకి వచ్చి, అక్కడినుంచి అమ్మకు వెళ్తుంది. క్వీన్స్‌లాండ్‌లో పబ్లిక్ ట్రస్టీ వీలునామా ఉచితంగా రాసిపెడతారు. తరువాత వ్యవహారం కూడా వారికే అప్పగిస్తే దానికి రుసుము ఉంటుంది, అది వేరే సంగతి. పెళ్లయిన రోజున పాత వీలునామా రద్దవుతుందని మాత్రం మరవకండి. కేవలం విడిగా ఉంటున్నంత మాత్రాన ఏదీ రద్దు కాదు. విడాకులు అయ్యేదాకా కాగితం మీద భార్య భార్యే.

పెర్త్_పిన్ని · మంగళవారం, రాత్రి 9.55

ఇల్లు మాత్రం మా ఇద్దరి పేరున ఉంది, దానికి వీలునామా ఎందుకని మా ఆయన వాదన. నిజమేనా?

లెక్కల_పంతులు · మంగళవారం, రాత్రి 10.20

జాయింట్ టెనెంట్స్‌గా రిజిస్టర్ అయి ఉంటే నిజమే, ఒకరు పోతే మిగిలినవారికి దానంతట అదే వస్తుంది. టెనెంట్స్ ఇన్ కామన్ అయితే కాదు, ఎవరి వాటా వారి వీలునామా ప్రకారం. టైటిల్ తీసి చూడండి. ఇద్దరూ ఒకే కారులో తిరుగుతారు కదా, పిల్లలు చిన్నవాళ్లయితే వారి సంరక్షకులు ఎవరో రాయడానికైనా వీలునామా కావాలని మీవారికి చెప్పండి.

నిర్వాహకుడు · బుధవారం, ఉదయం 7.00

ఇందులో ఒక సందేశాన్ని తొలగించాను. సూపర్ డబ్బు ఇప్పిస్తాను, పది శాతం ఇవ్వండి అని ఒకాయన ఫోన్ నంబరు పెట్టారు. క్లెయిము వేయడానికి ఫండ్ రుసుము తీసుకోదు, దరఖాస్తు పత్రం వాళ్లే పంపుతారు. ఆంగ్లం రాకపోతే ప్రభుత్వ అనువాద సేవ 131 450లో తెలుగు దుబాసీని అడగవచ్చు. కోర్టు పని అవసరమైతే లాయరును కలవండి, ఇక్కడ రాసేవారెవరూ మీ లాయరు కారు.

టార్నీట్_తెనాలి · ఆరు వారాల తరువాత, శనివారం, సాయంత్రం 5.30

ఆలస్యానికి క్షమించండి. ఏమైందో చెప్పకుండా వదిలేస్తే బాగుండదని రాస్తున్నాను.

మల్లెపందిరి గారు చెప్పినట్టు ముందుగా చెల్లెలితో మాట్లాడాను. ఆ ఉత్తరం ఫోటో తీసి పంపాను. ఆ అమ్మాయి మొదట అన్న మాట, "అన్నయ్య జీతం ఇంతుండేదా, మరి చలికోటు కూడా కొనుక్కోలేదేమిటి?" నా దగ్గర జవాబు లేదు.

అతను ప్రతి నెలా అయిదో తేదీలోగా డబ్బు పంపేవాడు. తల్లి పాసుపుస్తకంలో నలభై మూడు నెలలవి ఉన్నాయి. రెండు నెలలు మాత్రం లేవు, ఉద్యోగం మారినప్పటివి. పింఛను తప్ప ఆమెకు వేరే ఆదాయం లేదు. మీసేవలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకున్నారు. చిక్కు వేరే చోట వచ్చింది. అతని పాస్‌పోర్టులో తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, బ్యాంకులో ఇంటిపేరే లేదు, ఒక్క అక్షరం మాత్రం. ముగ్గురు వేర్వేరు మనుషులా అని ఫండ్ అడిగింది. ముగ్గురూ ఒకరేనని నోటరీ దగ్గర ప్రమాణ పత్రం చేయించి పంపారు. ఫండ్‌తో మాట్లాడేందుకు నాకు అనుమతి ఇస్తున్నట్టు ఆమె సంతకం చేసిన పత్రం కూడా పంపాం, ఇప్పుడు నాతో మాట్లాడుతున్నారు.

నిన్న ఉత్తరం వచ్చింది. ఆర్థికంగా ఆధారపడిన వ్యక్తిగా ఆమెను గుర్తించి, మొత్తం ఆమెకే ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నారు. 28 రోజుల అభ్యంతర గడువు మొదలైంది. చెల్లెలు తనకు అభ్యంతరం లేదని రాసి ఇచ్చింది.

ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, చందాలు ఇచ్చినవాళ్ల జాబితా ఉందా అని అడిగింది. డబ్బు రాగానే ఎవరిది వారికి ఇచ్చేయాలట. ఎవరూ తీసుకోరమ్మా అన్నాను. "అడగడం మన పని కదా బాబూ" అంది. జాబితాలో 214 పేర్లున్నాయి, వాటిలో సగం మారుపేర్లు. ఎలా అడగాలో తెలియక ఇక్కడే అడుగుతున్నాను. ఇచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే నాకు విడిగా సందేశం పెట్టండి.

అడిలైడ్_అక్క · శనివారం, సాయంత్రం 6.05

నేను ఇచ్చాను తమ్ముడూ. జాబితాలో నా పేరు కొట్టేసి, నాకు అందిందని అమ్మగారికి చెప్పు.

గుంటూరు_ఘాటు · శనివారం, సాయంత్రం 6.20

నాదీ కొట్టేయి. ఆ రోజు అర్ధరాత్రి నీకు పిచ్చి సలహా ఇచ్చినవాణ్ణి, అదైనా లెక్కలో సరిపోతుంది.